సింగపూర్ - న్యూయార్క్ విమాన మార్గం

సింగపూర్ - న్యూయార్క్ విమాన మార్గం ఆగ్నేయాసియాలోని సింగపూర్ చాంగీ విమానాశ్రయాన్ని అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని న్యూయార్క్ నగర ప్రాంతపు విమానాశ్రయాలతో మధ్యలో ఎక్కడా ఆగకుండా కలిపే ప్రయాణీకుల విమాన మార్గం. చాంగీ నుండి జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయానికి భూగోళం మీద కనిష్ఠ దూరం సుమారు 15,349 కిలోమీటర్లు (9,537 మైళ్ళు లేదా 8,288 నాటికల్ మైళ్ళు). 2025 నాటికి క్రమం తప్పకుండా నడుస్తున్న ఆగని ప్రయాణీకుల విమాన మార్గాలలో దూరాన్ని బట్టి ఇదే ప్రపంచంలో అన్నిటికన్నా పొడవైనది. ప్రయాణానికి కాలపట్టిక ప్రకారం పద్దెనిమిదిన్నర గంటలకు పైగా పడుతుంది. ఈ మార్గంలో సింగపూర్ ఎయిర్‌లైన్స్ సంస్థ విమానాలను నడుపుతున్నది.

భూమి చుట్టుకొలత సుమారు 40,000 కి.మీ. కనుక భూమి మీద ఏ రెండు స్థలాల మధ్యనైనా కనిష్ఠ దూరం 20,000 కి.మీ.ను మించజాలదు. ఆ గరిష్ఠ దూరంలో మూడు వంతులకు పైగా ఈ విమానం ఒక్క గుక్కలో దాటుతుంది. దూరం, గాలి, ఇంధనం, కాలమండలాలు అనే నాలుగు విషయాలు ఒక ప్రయాణాన్ని ఏ విధంగా నిర్ణయిస్తాయో తెలుసుకొనడానికి ఈ మార్గం చక్కని ఉదాహరణ.

విమానాశ్రయాలు

చాంగీ విమానాశ్రయం సింగపూర్ ద్వీపపు తూర్పు కొనలో ఉన్నది. ఇది 1981లో ప్రారంభమైనది. భూమధ్యరేఖకు ఇంచుమించు 1.36 డిగ్రీల ఉత్తరాన, 103.99 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది.

జాన్ ఎఫ్. కెన్నెడీ విమానాశ్రయం న్యూయార్క్ నగరంలోని క్వీన్స్ విభాగంలో ఉన్నది. 1948లో ప్రారంభమైనప్పుడు దీనిని ఐడిల్‌వైల్డ్ అని వ్యవహరించేవారు. అధ్యక్షుడు కెన్నెడీ హత్య జరిగిన తరువాత 1963 డిసెంబరులో ఆయన పేరు పెట్టారు. ఇది 40.64 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 73.78 డిగ్రీల పశ్చిమ రేఖాంశం మీద ఉన్నది.

న్యూయార్క్ ప్రాంతానికి సేవలందించే మరొక పెద్ద విమానాశ్రయం నెవార్క్ లిబర్టీ. ఇది పొరుగు రాష్ట్రమైన న్యూజెర్సీలో, కెన్నెడీ విమానాశ్రయానికి 30 కి.మీ.కు పైగా పడమరగా ఉన్నది. సింగపూర్ నుండి దీని దూరం సుమారు 15,344 కి.మీ. అంటే రెండు గమ్యాలకూ దూరంలో ఉన్న తేడా అయిదు కిలోమీటర్లే.

దూరాన్ని లెక్కించే పద్ధతి

గోడ మీద వేలాడదీసిన ప్రపంచ పటంలో సింగపూర్, న్యూయార్క్‌ల మధ్య స్కేలు పెట్టి గీత గీస్తే అది పసిఫిక్ లేదా అట్లాంటిక్ మహాసముద్రం మీదుగా అడ్డంగా పోతుంది. భూమి గోళాకారంలో ఉన్నందున ఆ గీత కనిష్ఠ మార్గం కాదు. గోళం మీద రెండు బిందువుల మధ్య కనిష్ఠ మార్గం, ఆ రెండు బిందువుల గుండా గోళ కేంద్రం చుట్టూ గీసిన గురు వృత్తంలో ఒక చాపం అవుతుంది. భూగోళం నమూనా మీద దారాన్ని రెండు ఊళ్ళ మధ్య బిగించి పట్టుకొంటే దారం తనంత తానుగా ఈ చాపం మీద నిలుస్తుంది.

రెండు స్థలాల అక్షాంశాలు, రేఖాంశాలు తెలిస్తే ఈ చాపం కేంద్రం వద్ద చేసే కోణాన్ని గోళీయ త్రికోణమితి సూత్రంతో కనుగొనవచ్చును. ఆ కోణపు కొసైన్ విలువ ఈ విధంగా వస్తుంది:

* మొదటి అక్షాంశపు సైన్ × రెండవ అక్షాంశపు సైన్ + మొదటి అక్షాంశపు కొసైన్ × రెండవ అక్షాంశపు కొసైన్ × రేఖాంశ భేదపు కొసైన్

ఇక్కడ ఒక స్థలం తూర్పు రేఖాంశంలోను, మరొకటి పశ్చిమ రేఖాంశంలోను ఉన్నవి కనుక రేఖాంశ భేదం 103.99 + 73.78 = 177.77 డిగ్రీలు. విలువలను సూత్రంలో ఉంచగా కొసైన్ విలువ సుమారు -0.7426 వస్తుంది. కోణం సుమారు 137.95 డిగ్రీలు. భూమి సగటు వ్యాసార్థం 6,371 కి.మీ. అనుకొంటే ఒక డిగ్రీకి 111.195 కి.మీ. చొప్పున దూరం సుమారు 15,340 కి.మీ. అవుతుంది. భూమి ధ్రువాల వద్ద కొద్దిగా అణగి ఉన్నందున, ఆ ఆకారాన్ని లెక్కలోకి తీసుకొనే సూత్రాలతో 15,349 కి.మీ. వస్తుంది.

ఈ ఫలితాన్ని త్రికోణమితి లేకుండానే సరిచూడవచ్చును. రేఖాంశ భేదం ఇంచుమించు 180 డిగ్రీలు కావడం వలన న్యూయార్క్, సింగపూర్‌కు దాదాపు సరిగ్గా ఉత్తర ధ్రువానికి ఆవలి వైపున ఉన్నది. సింగపూర్ నుండి ధ్రువం వరకు 90 - 1.36 = 88.64 డిగ్రీలు. ధ్రువం నుండి న్యూయార్క్ వరకు 90 - 40.64 = 49.36 డిగ్రీలు. మొత్తం 138 డిగ్రీలు, అనగా సుమారు 15,345 కి.మీ. సరిగ్గా ధ్రువం మీదుగా పోయినా, గోళం మీద కనిష్ఠ మార్గంలో పోయినా తేడా ఆరు కిలోమీటర్లకు మించదు. కనిష్ఠ మార్గం ఉత్తర ధ్రువానికి సుమారు 280 కి.మీ. దూరంలో పోతుంది.

అందువలన తూర్పున ఉన్న సింగపూర్ నుండి పడమట ఉన్న న్యూయార్క్‌కు పోవడానికి దగ్గర దారి తూర్పూ కాదు, పడమరా కాదు, ఉత్తరం.

వాస్తవంగా ప్రయాణించే దారి

పటం మీద కనిష్ఠ దూరానికి, విమానం నిజంగా ప్రయాణించే దూరానికి భేదం ఉన్నది. విమానాలు ప్రతిరోజూ ఒకే దారిలో పోవు. ఆనాటి గాలులు, వాతావరణం, అనుమతి ఉన్న గగనతలాలు, అత్యవసరంగా దిగడానికి వీలైన విమానాశ్రయాలు మొదలైన వాటిని పరిశీలించి ప్రతి ప్రయాణానికీ ప్రత్యేకంగా దారిని నిర్ణయిస్తారు.

వీటిలో ముఖ్యమైనది గాలి. భూమికి సుమారు 9 నుండి 12 కి.మీ. ఎత్తున, మధ్య అక్షాంశాలలో పడమర నుండి తూర్పుకు జెట్ స్ట్రీమ్ అనే వేగవంతమైన గాలి ప్రవాహాలు వీస్తూ ఉంటాయి. శీతకాలంలో వీటి వేగం కొన్ని చోట్ల గంటకు 300 కి.మీ.ను కూడా దాటుతుంది. జపాన్ తూర్పు భాగంలోను, ఉత్తర పసిఫిక్ మీద ఇవి బలంగా ఉంటాయి. అందువలన సింగపూర్ నుండి న్యూయార్క్ పోయే విమానం చాలా సందర్భాలలో ధ్రువం వైపు పోక, ఈశాన్యంగా పసిఫిక్ మహాసముద్రం మీదుగా ప్రయాణించి ఉత్తర అమెరికా ఖండంలో ప్రవేశిస్తుంది. ఈ దారి దూరం సుమారు 16,700 కి.మీ. అంటే కనిష్ఠ దూరం కన్నా 1,300 కి.మీ.కు పైగా ఎక్కువ.

ఎక్కువ దూరం పోయినా సమయం ఎలా కలసి వస్తుందో ఈ క్రింది లెక్క వలన తెలుస్తుంది. గాలిలో విమానం వేగం గంటకు 900 కి.మీ. అనుకొందాం.

* గాలి లేనప్పుడు, 15,349 కి.మీ. దారి: సుమారు 17 గంటల 3 నిమిషాలు
* సగటున 50 కి.మీ. ఎదురుగాలి, 15,349 కి.మీ. దారి: సుమారు 18 గంటల 3 నిమిషాలు
* సగటున 80 కి.మీ. వెనుక గాలి, 16,700 కి.మీ. దారి: సుమారు 17 గంటల 2 నిమిషాలు

మూడవ సందర్భంలో విమానం 1,351 కి.మీ. ఎక్కువ దూరం ప్రయాణించినప్పటికీ, గాలి లేనప్పుడు దగ్గర దారిలో పోయినంత త్వరగానే గమ్యం చేరుతుంది. ఇంధనం ఖర్చు ప్రధానంగా విమానం గాలిలో ఉన్న సమయాన్ని బట్టి ఉంటుంది కనుక విమాన సంస్థలు తక్కువ దూరం కన్నా తక్కువ సమయాన్నే కోరుకుంటాయి. తిరుగు ప్రయాణంలో జెట్ స్ట్రీమ్ ఎదురవుతుంది కనుక దానిని తప్పించుకొనే విధంగా, గాలులను బట్టి, ధ్రువ ప్రాంతం మీదుగా గాని అట్లాంటిక్ వైపు నుండి గాని దారిని ఎంచుకొంటారు.

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ పై రష్యా పూర్తిస్థాయి దాడి చేసిన తరువాత పలు దేశాల విమాన సంస్థలు రష్యా గగనతలంలో ప్రయాణించడం మానివేశాయి. సింగపూర్ నుండి ధ్రువం వైపు పోయే సరళ మార్గం సైబీరియా మీదుగానే పోవలసి ఉన్నది. అందువలన దారి ఎంపికలో వెసులుబాటు తగ్గింది.

ప్రయాణ సమయం

కాలపట్టికలో ఇచ్చే ప్రయాణ సమయం విమానం గాలిలో ఉండే సమయం మాత్రమే కాదు. విమానం నిలిచి ఉన్న చోటు నుండి కదిలినప్పటి నుండి గమ్యంలో నిలిచే వరకు గల సమయాన్ని లెక్కిస్తారు. రన్‌వే వరకు పోవడం, వరుసలో వేచి ఉండడం, పైకి ఎక్కడం, క్రిందికి దిగడం అన్నీ ఇందులో చేరుతాయి. రద్దీకి, ప్రతికూల గాలులకు కొంత వ్యవధిని ముందుగానే కలుపుతారు. కాలపట్టికలో 18 గంటల 40 నిమిషాలు అని ఉన్న విమానం కొన్ని రోజులు అరగంట, గంట ముందుగా చేరడానికి కారణం ఇదే.

జెట్ విమానాల వేగాన్ని ధ్వని వేగంతో పోల్చి చెబుతారు. ఏ350 విమానం సుమారు 0.85 మాక్ వేగంతో ప్రయాణిస్తుంది. 11 కి.మీ. ఎత్తున ఉష్ణోగ్రత సుమారు -56 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది. ఆ చలిలో ధ్వని వేగం గంటకు సుమారు 1,062 కి.మీ. అందులో 0.85 వంతు అంటే గంటకు ఇంచుమించు 903 కి.మీ.

కాలమండలాల తేడా

సింగపూర్ కాలం గ్రీనిచ్ కాలానికి 8 గంటలు ముందు ఉంటుంది. న్యూయార్క్ కాలం శీతకాలంలో 5 గంటలు, వేసవిలో 4 గంటలు వెనుక ఉంటుంది. అమెరికాలో మార్చి నెల రెండవ ఆదివారం గడియారాలను ఒక గంట ముందుకు, నవంబరు మొదటి ఆదివారం ఒక గంట వెనుకకు తిప్పుతారు. అందువలన రెండు నగరాల మధ్య తేడా వేసవిలో 12 గంటలు, శీతకాలంలో 13 గంటలు.

* పోవునప్పుడు: వేసవిలో సోమవారం రాత్రి 11.30కి సింగపూర్‌లో బయలుదేరిన విమానం 18 గంటల 40 నిమిషాలు ప్రయాణిస్తే, చేరే వేళకు సింగపూర్‌లో మంగళవారం సాయంత్రం 6.10 అవుతుంది. న్యూయార్క్‌లో అప్పుడు మంగళవారం ఉదయం 6.10.
* వచ్చునప్పుడు: న్యూయార్క్‌లో సోమవారం రాత్రి 10.30కి బయలుదేరి 18 గంటల 45 నిమిషాలు ప్రయాణిస్తే, అక్కడ మంగళవారం సాయంత్రం 5.15 అయినప్పుడు సింగపూర్‌లో బుధవారం ఉదయం 5.15 అవుతుంది.

టికెట్టు మీద ముద్రించిన బయలుదేరే వేళ, చేరే వేళలను నేరుగా తీసివేస్తే పోయేటప్పుడు 6 గంటల 40 నిమిషాలు, వచ్చేటప్పుడు 30 గంటల 45 నిమిషాలు పట్టినట్లు పొరబాటుగా కనిపిస్తుంది. రెండు వేళలనూ ఒకే కాలానికి మార్చిన తరువాతనే తీసివేయాలి.

చరిత్ర

సింగపూర్ ఎయిర్‌లైన్స్ 2004 ఫిబ్రవరిలో ఎయిర్‌బస్ ఏ340-500 విమానంతో లాస్ ఏంజెలెస్‌కు, అదే సంవత్సరం జూన్ 28న నెవార్క్‌కు ఆగని విమానాలను ప్రారంభించింది. నెవార్క్ మార్గం ఆనాటి ప్రపంచంలో అత్యంత పొడవైన మార్గం అయినది. ఏ340-500 నాలుగు ఇంజన్ల విమానం. మొదట ఇందులో 181 సీట్లు ఉండేవి. 2008లో వీటిని మార్చి 100 బిజినెస్ తరగతి సీట్లు మాత్రమే ఉంచారు. దీర్ఘ ప్రయాణంలో ఎవరైనా మరణిస్తే దేహాన్ని గౌరవంగా ఉంచడానికి ఈ విమానాలలో ప్రత్యేకమైన అర ఏర్పాటు చేశారు.

నాలుగు ఇంజన్లు త్రాగే ఇంధనాన్ని వందమంది ప్రయాణీకులు భరించవలసి రావడం, ఇంధన ధరలు బాగా పెరగడం వలన ఈ సేవ గిట్టుబాటు కాలేదు. 2012 అక్టోబరులో సంస్థ తన అయిదు ఏ340-500 విమానాలను ఎయిర్‌బస్‌కు తిరిగి ఇచ్చివేయనున్నట్లు ప్రకటించింది. 2013 అక్టోబరులో లాస్ ఏంజెలెస్ మార్గం, 2013 నవంబరు 23న నెవార్క్ మార్గం ముగిశాయి. ఆ తరువాత అయిదేళ్ళ పాటు ప్రయాణీకులు దారిలో ఒకచోట ఆగి పోవలసి వచ్చింది.

2015 అక్టోబరులో ఎయిర్‌బస్, సింగపూర్ ఎయిర్‌లైన్స్ కలిసి ఏ350-900 విమానానికి అతి దూర ప్రయాణ రూపాన్ని ప్రకటించాయి. ఈ రకం విమానాలను సంస్థ ఏడు తీసుకొన్నది. 2018 అక్టోబరు 11న నెవార్క్ మార్గం తిరిగి ప్రారంభమైనది. మొదటి విమానం దాదాపు 18 గంటలలో, కాలపట్టిక కన్నా ముందుగానే గమ్యం చేరింది.

కోవిడ్-19 మహమ్మారి వలన 2020 మార్చిలో ఈ సేవ నిలిచిపోయింది. 2020 నవంబరు 9న నెవార్క్‌కు బదులుగా కెన్నెడీ విమానాశ్రయానికి విమానాలు మొదలైనాయి. ప్రయాణీకులు తక్కువగా ఉన్న ఆ రోజులలో సరుకు రవాణాకు కెన్నెడీ విమానాశ్రయం అనుకూలంగా ఉండడం దీనికి ముఖ్య కారణం. దూరం అయిదు కిలోమీటర్లు పెరగడంతో కొత్త రికార్డు ఏర్పడింది. 2022 మార్చిలో నెవార్క్ సేవను కూడా పునరుద్ధరించారు.

విమానం, ఇంధనం

అతి దూర ప్రయాణానికి రూపొందించిన ఏ350-900 విమానం ఇంధన సామర్థ్యం 1,65,000 లీటర్లు. సాధారణ ఏ350-900లో ఇది 1,41,000 లీటర్లు. అదనపు ట్యాంకులు అమర్చకుండా, ఉన్న ట్యాంకులలోనే ఇంధన వ్యవస్థను మార్చి ఈ పెరుగుదల సాధించారు. లీటరు ఇంధనం సుమారు 0.8 కిలోలు తూగుతుంది కనుక నిండుగా నింపితే 132 టన్నులు అవుతుంది. విమానం గరిష్ఠ బరువు 280 టన్నులు. అంటే పైకి ఎగిరే బరువులో ఇంచుమించు సగం ఇంధనమే.

దూరం పెరిగిన కొద్దీ ఇంధనం ఖర్చు అదే నిష్పత్తిలో కాక అంతకన్నా ఎక్కువగా పెరుగుతుంది. పదిహేడవ గంటలో మండవలసిన ఇంధనాన్ని మొదటి గంట నుండీ మోయాలి. ఆ బరువును మోయడానికి మరికొంత ఇంధనం కావాలి. అందువలన మిగిలిన బరువును తగ్గించక తప్పదు. ఈ విమానంలో 161 సీట్లు మాత్రమే ఉన్నవి: 67 బిజినెస్ తరగతి, 94 ప్రీమియం ఎకానమీ తరగతి. సాధారణ ఎకానమీ తరగతి లేదు. సంస్థ దూర ప్రయాణాలకు వాడే మామూలు ఏ350-900లో 253 సీట్లు ఉంటాయి. టికెట్టు ధర అధికంగా ఉండడానికి ఇది ఒక ప్రధాన కారణం.

భద్రత, ఆరోగ్యం

రెండు ఇంజన్ల విమానంలో ఒక ఇంజన్ చెడిపోతే, మిగిలిన ఒక్క ఇంజన్‌తో నిర్ణీత సమయంలోగా ఏదైనా విమానాశ్రయం చేరగలిగేటట్లు దారిని నిర్ణయించాలి. ఏ350-900కు ఐరోపా విమాన భద్రతా సంస్థ 2014లో 370 నిమిషాల వరకు అనుమతి ఇచ్చింది. ఉత్తర పసిఫిక్ వైపు పోయే విమానాలకు అలాస్కాలోని ఆంకరేజ్ వంటి విమానాశ్రయాలు అత్యవసర ఆశ్రయాలు. ప్రయాణీకునికి గుండెపోటు వచ్చినా సమీపంలోని ఆసుపత్రికి చేరడానికి గంటలు పట్టవచ్చును. కనుక వైద్య పరికరాలు, శిక్షణ పొందిన సిబ్బంది అవసరం చాలా ఎక్కువ.

ధ్రువ ప్రాంతం మీద ప్రయాణానికి అదనపు జాగ్రత్తలు ఉన్నవి. అక్కడ అయస్కాంత దిక్సూచి నమ్మదగినది కాదు. భూస్థిర కక్ష్యలోని ఉపగ్రహాల సంకేతాలు బాగా అందవు. సూర్యునిలో తుఫానులు వచ్చినప్పుడు రేడియో సంబంధాలు దెబ్బతింటాయి, వికిరణం పెరుగుతుంది. జెట్ ఏ-1 ఇంధనం -47 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకట్టడం మొదలవుతుంది కనుక ట్యాంకులలోని ఇంధన ఉష్ణోగ్రతను కనిపెట్టి ఉండాలి. అది మరీ పడిపోతే వెచ్చని గాలి ఉన్న ఎత్తుకు దిగుతారు లేదా వేగం పెంచుతారు.

ఈ విమానంలో నలుగురు పైలట్లు ఉంటారు. వంతుల వారీగా విశ్రాంతి తీసుకోవడానికి సిబ్బందికి ప్రత్యేకమైన పడకలు ఉన్నవి. ప్రయాణీకుల విషయంలో, గంటల తరబడి కదలకుండా కూర్చొనడం వలన కాళ్ళలోని సిరలలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గర్భిణులు, ఇటీవల శస్త్రచికిత్స జరిగినవారు, లోగడ ఈ వ్యాధి వచ్చినవారు బయలుదేరే ముందు వైద్యుని సంప్రదించాలి. తరచుగా లేచి నడవడం, నీరు త్రాగడం, కాలి మడమలను ఆడించడం మంచిది. పన్నెండు గంటల కాలభేదం వలన పగలు రాత్రిగా, రాత్రి పగలుగా మారి, నిద్ర సర్దుకొనడానికి చాలా రోజులు పడుతుంది.

ఇతర దూర మార్గాలతో పోలిక

* దోహా - ఆక్లాండ్: సుమారు 14,535 కి.మీ. ఖతార్ ఎయిర్‌వేస్ 2017 ఫిబ్రవరిలో ప్రారంభించింది.
* పెర్త్ - లండన్: సుమారు 14,499 కి.మీ. క్వాంటస్ సంస్థ 2018 మార్చిలో ప్రారంభించింది. ఆస్ట్రేలియా, బ్రిటన్‌ల మధ్య ఇది మొదటి ఆగని సేవ.
* బెంగళూరు - శాన్ ఫ్రాన్సిస్కో: సుమారు 14,000 కి.మీ. ఎయిర్ ఇండియా 2021 జనవరిలో ప్రారంభించింది. శాన్ ఫ్రాన్సిస్కో నుండి వచ్చిన మొదటి విమానాన్ని మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపారు.

క్వాంటస్ 2019 అక్టోబరులో న్యూయార్క్ నుండి సిడ్నీకి పరిశోధన కోసం నడిపిన విమానం 19 గంటల 16 నిమిషాలు గాలిలో ఉన్నది. సిడ్నీ నుండి లండన్, న్యూయార్క్‌లకు ఆగని విమానాలు నడిపే ఉద్దేశంతో ఆ సంస్థ 2022లో 12 ఏ350-1000 విమానాలకు ఆర్డరు ఇచ్చింది. సిడ్నీ - లండన్ దూరం సుమారు 17,000 కి.మీ. కనుక ఆ సేవ మొదలైతే సింగపూర్ - న్యూయార్క్ మార్గం రెండవ స్థానానికి చేరుతుంది.

హైదరాబాదు నుండి దూరాలు

పై సూత్రాన్నే ఉపయోగించి హైదరాబాదు శంషాబాద్ విమానాశ్రయం (17.24 ఉత్తరం, 78.43 తూర్పు) నుండి న్యూయార్క్‌కు దూరం లెక్కిస్తే సుమారు 12,970 కి.మీ. వస్తుంది. హైదరాబాదు నుండి సింగపూర్ సుమారు 3,300 కి.మీ. కనుక సింగపూర్ మీదుగా న్యూయార్క్ పోతే మొత్తం దూరం 18,600 కి.మీ.ను దాటుతుంది. ఇది సరళ దూరం కన్నా 5,600 కి.మీ.కు పైగా అధికం. అదే దుబాయి మీదుగా పోతే మొదటి అంచె సుమారు 2,550 కి.మీ., రెండవ అంచె సుమారు 11,020 కి.మీ., మొత్తం 13,570 కి.మీ. అదనపు దూరం 600 కి.మీ. మాత్రమే. హైదరాబాదు నుండి అమెరికా తూర్పు తీరానికి పోయేవారికి గల్ఫ్ నగరాలు దాదాపు దారిలోనే ఉన్నవని, సింగపూర్ చుట్టుదారి అని ఈ లెక్క వలన స్పష్టమవుతుంది. అమెరికా పశ్చిమ తీరానికి పోయేవారు ఈ లెక్కను విడిగా వేసుకోవాలి.

ఇవి కూడా చూడండి

* అక్షాంశం, రేఖాంశం
* గ్రీనిచ్ ప్రామాణిక కాలం
* జెట్ స్ట్రీమ్
* చాంగీ విమానాశ్రయం
* రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం